ఎదురు రంగుల ఇంట్లో చేయవలసినవి, చేయకూడనివి

అచ్యుతాపురం కూడలి నుంచి పూడిమడక వైపు నడిస్తే ఈ ప్రాంతానికి రంగులంటే ఎంత ఇష్టమో తెలుస్తుంది. నారింజ గోడకు ముదురు నీలం అంచు, ఆకుపచ్చ కిటికీకి ఎర్ర చట్రం, నిమ్మపండు రంగు పిట్టగోడ మీద ఊదా గీత. ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) వచ్చాక ఉద్యోగుల కోసం వరుసగా కట్టిన అద్దె వాటాలకూ ఇవే జంటలు. సంక్రాంతికి ముందు, కొత్త అమావాస్య నాటి అనకాపల్లి నూకాలమ్మ జాతరకు ముందు ఇంటింటా బ్రష్షులు తడుస్తాయి. ఒకదానికొకటి ఎదురుగా నిలిచే ఇలాంటి రంగులనే పూరక వర్ణాలంటారు. రంగుల చక్రంలో ఎరుపుకు ఆకుపచ్చ, నీలానికి నారింజ, పసుపుకు ఊదా ఎదురు. పక్కపక్కన పెడితే రెండూ మరింత కాంతితో కనిపిస్తాయి. ఇల్లు వెలిగిపోతుంది, నిజమే. కానీ ఈ జంటలకు కంటి మీద ఉన్న పట్టు చాలా గట్టిది. అది మెట్టు అంచును స్పష్టంగా చూపించగలదు, చెరిపేయనూ గలదు. ఇక డబ్బాలో ఆ రంగు దేనితో తయారైందన్నది పసిపిల్లల ఆరోగ్యానికి సంబంధించిన సంగతి. అందుకే ఏ రంగు పక్కన ఏ రంగు బాగుంటుందని అడిగే ముందు అడగాల్సినవి రెండున్నాయి: ఆ గోడ పక్కన నడిచేది ఎవరు? ఆ రంగులో ఉన్నది ఏమిటి?

మొదట కన్ను

ఎర్ర మందారాన్ని అర నిమిషం కన్నార్పకుండా చూసి, వెంటనే సున్నం వేసిన తెల్ల గోడ వైపు చూపు తిప్పండి. పచ్చగా ఒక పువ్వు నీడ కనిపిస్తుంది. ఎరుపును చూసి చూసి అలసిన కన్ను దాని ఎదురు రంగును తానే కల్పించుకుంటుంది. పారిస్‌లో గోబెలిన్ తివాచీల నేతశాలకు అద్దకాల అధికారిగా ఉన్న మిషెల్ యూజెన్ షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సంగతి మీద ఏళ్ల తరబడి పనిచేసి 1839లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వస్తుంటే ఆయన అద్దకాన్ని పరీక్షించి, తప్పు దారంలో లేదని, దాని పక్కన వచ్చిన రంగులో ఉందని తేల్చాడు. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ ఆపరేషన్ గదికి తెలుపు బదులు ఆకుపచ్చ కావాలన్నదీ ఇందుకే. రక్తపు ఎరుపు చూసి అలసిన కంటికి ఆకుపచ్చ ఊరటనిస్తుంది.

పూడిమడక మత్స్యకారులకు ఇది పుస్తకం అక్కర్లేని విద్య. లైఫ్ జాకెట్టుకు నారింజ రంగు ఎందుకంటే, నీలి నీటి మీద మనిషి తల చిన్న చుక్కగా ఉన్నప్పుడు కూడా దూరం నుంచి కంటికి తగలడానికే. నీలానికి నారింజ ఎదురు రంగు కాబట్టి ప్రాణం నిలబడుతుంది.

ఇంట్లో ఈ బలాన్ని వాడుకోవలసిన మొదటి చోటు మెట్లు. డాబా మెట్లు, గడప, స్నానాలగది గట్టు, వసారా నుంచి వాకిట్లోకి దిగే అరుగు: ఇంట్లో పెద్దవాళ్లు జారేది ఎక్కువగా ఇక్కడే. ప్రతి మెట్టు కొసన రెండంగుళాల వెడల్పున, ఆ మెట్టు రంగుకు ఎదురుగా నిలిచే పట్టీ వేయండి. ముదురు నీలం మెట్టు మీద లేత నారింజ పట్టీ చక్కగా పనిచేస్తుంది. మెరిసే ఎనామిల్ మాత్రం మెట్టు మీద వద్దు, తడి కాలికి జారుతుంది. ఆ పట్టీ గరుకుగా ఉండాలి. పెయింటులో కాస్త జల్లించిన సన్న ఇసుక కలిపి వేసినా చాలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రంగులు ఎదురైతే చాలు, అంచు తెలుస్తుందనుకుంటారు. తెలియదు. ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ రంగుల్లో చాలా భిన్నమైనా వెలుతురులో దాదాపు సమానం. అలాంటి రెండు రంగులు కలిసే గీత దగ్గర కంటికి వణుకు పుడుతుంది, గీత కదులుతున్నట్టు అనిపిస్తుంది, సాయంత్రం మసక వెలుతురులో అసలు మాయమైపోతుంది. అందుకని జంటలో ఒకటి బాగా ముదురు, ఒకటి బాగా లేత ఉండేలా చూడాలి. దీనికి సులువైన పరీక్ష ఉంది. రెండు రంగుల నమూనాలు పక్కపక్కన గోడ మీద పూసి, ఫోనుతో నలుపు తెలుపు ఫొటో తీయండి. ఫొటోలో రెండూ ఒకే బూడిద రంగుగా కనిపిస్తే ఆ జంట మెట్ల దగ్గర వాడకూడదు. గోడకు పటం తగిలించే చోట పెట్టుకుంటే నష్టం లేదు.

ఎరుపు ఆకుపచ్చ జంట గురించి ఇంకో మాట. మగవాళ్లలో కొందరికి పుట్టుకతోనే ఈ రెండు రంగుల తేడా సరిగా తెలియదు. ఆడవాళ్లలో ఇది చాలా అరుదు. చాలామందికి తమకు ఆ లోపం ఉన్నట్టే తెలియదు. ఇంట్లో ఏదైనా హెచ్చరిక రంగుతో చెప్పాలనుకుంటే ఎరుపు ఆకుపచ్చ మీద ఆధారపడవద్దు. నీలం నారింజ జంట వాళ్లకూ కనిపిస్తుంది. వయసు మళ్లేకొద్దీ కంటి కటకం పసుపు రంగుకు తిరుగుతుంది, అప్పుడు నీలానికీ ఆకుపచ్చకూ తేడా మసకబారుతుంది, నేవీ నీలం నల్లగా తోస్తుంది. తాతగారి గదిలో నీలం గోడ, ఆకుపచ్చ తలుపు పెట్టి చీకట్లో తలుపు వెతుక్కోమనడం న్యాయం కాదు. తలుపు గొళ్లెం, స్విచ్ బోర్డు, మంచం కోడు ఆ గోడ మీద విడిగా తెలియాలి.

పడకగదిలో నాలుగు గోడలకూ ఎదురు రంగుల నిలువు చారలు వేయకూడదు. పార్శ్వపు తలనొప్పి ఉన్నవాళ్లకు గట్టి చారలు నొప్పిని తెచ్చిపెట్టవచ్చు. ఒక గోడకు గాఢమైన రంగు, మిగతా మూటికి లేత ఛాయ, ఎదురు రంగు కర్టెనుకో దిండు గలీబుకో సరిపోతుంది. రెండు రంగులకూ సమాన భాగం ఇస్తే అవి కొట్లాడుకుంటాయని అనుభవమున్న పెయింటర్లందరికీ తెలుసు. వాళ్ల మాట వినండి.

రంగుతో మాట్లాడే వస్తువుల జోలికి వద్దు

విశాఖ ఉక్కు కర్మాగారంలో గానీ, మన సెజ్‌లో గానీ పనిచేసేవాళ్లకు గొట్టాల రంగుల అర్థం తెలుసు. భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ఐఎస్ 2379 ప్రకారం నీటికి సముద్రపు ఆకుపచ్చ, ఆవిరికి వెండి బూడిద, వాయువులకు పసుపు, ఆమ్లాలకూ క్షారాలకూ ముదురు ఊదా. పసుపు, ఊదా ఎదురు రంగులే. కాబట్టి ఒకదాన్ని ఇంకోటిగా పొరబడడం కష్టం. కర్మాగారంలో ఇంత జాగ్రత్తగా ఉండే మనిషి ఇంటికొచ్చి గ్యాస్ గొట్టానికి వంటింటి గోడ రంగే పులుముతాడు. అది వద్దు.

వంటగ్యాస్ సిలిండరుకు, రెగ్యులేటరుకు, నారింజ రంగు రబ్బరు ట్యూబుకు పెయింటు వేయకూడదు. ట్యూబు మీద పగులు పెయింటు కింద దాక్కుంటుంది, గడువు తేదీ చెరిగిపోతుంది. అయిదేళ్లకోసారి ట్యూబు మార్చమని గ్యాస్ కంపెనీలే చెబుతాయి. సిలిండరు కాలరు దగ్గర ఇంగ్లిష్ అక్షరం, రెండంకెలు ఉంటాయి. అది మళ్లీ పరీక్ష చేయాల్సిన త్రైమాసికం, సంవత్సరం. అదీ కనిపించాలి. కరెంటు వైర్ల మీద, ఎర్త్ తీగ మీద, ఫ్యూజు పెట్టె మీద కూడా రంగు వద్దు. మన వైరింగులో ఆకుపచ్చ తీగ ఎర్తుకు చెందింది. పనివాళ్లు ఆ రంగును నమ్మి ముట్టుకుంటారు. అపార్టుమెంట్లలో, అద్దె వాటాల్లో మెట్ల దగ్గరుండే మంటలార్పే ఎర్ర సిలిండరును గోడలో కలిసిపోయేలా చేయవద్దు. దాని వెనుక గోడ లేత ఆకుపచ్చ అయితే అదే ఎగిరి కనిపిస్తుంది.

డబ్బాలో ఉన్నది

మంచి ఎరుపు, నారింజ, పసుపు తీసుకురావడానికి పూర్వం పెయింట్లలో సీసపు క్రోమేట్లు కలిపేవారు. రంగు ఎంత గాఢంగా ఉంటే సీసం అంత ఉండే అవకాశం. సీసం పసిపిల్లల మెదడుకు చేసే కీడు పూడ్చలేనిది. ఇంత తగిలితే పరవాలేదన్న హద్దు పిల్లల రక్తానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కేంద్ర ప్రభుత్వం 2016లో నియమం తెచ్చి, 2017 నవంబరు 1 నుంచి ఇళ్ల పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు దాటకూడదని కట్టడి చేసింది. కాబట్టి కొత్త డబ్బా కొనేటప్పుడు సీసం 90 భాగాలు దాటదన్న వాక్యం డబ్బా మీద అచ్చయి ఉందో లేదో చూసి తీసుకోండి. పేరూ ఊరూ లేని డబ్బా అగ్గువకు వచ్చినా తీసుకోవద్దు, ముఖ్యంగా ఎరుపు, పసుపు.

అసలు భయం పాత గోడలది. 2017కు ముందు వేసిన ఎనామిల్ తలుపులు, కిటికీ ఊచలు, ఉయ్యాల గొలుసులు, పాత మంచాలు: వీటిని పొడిగా గీకడమే ప్రమాదం. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో గ్రిల్లు మూడేళ్లకే తుప్పు పట్టి రంగు పెచ్చులుగా లేస్తుంది, దాన్ని గీకకుండా కొత్త రంగు నిలవదు. గీకాలంటే తడిపి గీకాలి. గరుకు కాగితం నీటిలో ముంచి రుద్దాలి, కింద ప్లాస్టిక్ పరచి ఆ చెత్తంతా ఎత్తి మూట కట్టాలి. తరువాత తడిగుడ్డతో నేల తుడవాలి, చీపురుతో ఊడిస్తే ఆ దుమ్ము లేస్తుంది. మంటతో కాల్చి రంగు ఊడదీయడం మాత్రం ఎన్నటికీ కూడదు, ఆ పొగలో సీసం ఉంటుంది. గర్భిణులు, ఆరేళ్లలోపు పిల్లలు ఆ పూట ఆ ఇంట్లో ఉండకూడదు. గీకిన మనిషి ఆ బట్టలతోనే వచ్చి బిడ్డను ఎత్తుకోవద్దు. ఇనుముకు వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఇనుప ఖనిజపు ఎరుపు. పూర్వం ఓడలకూ వంతెనలకూ వేసిన ఎర్రసీసపు ప్రైమర్ వేరు. పాత ఓడ సామానో, రేవు తుక్కో కొని గేటు చేయించుకునే అలవాటు విశాఖ చుట్టుపక్కల ఉంది. అలాంటి ఇనుము మీది నారింజ ఎరుపు పొరను ఇంట్లో గీకవద్దు.

దుమ్ముకు ఎన్-95 మాస్కు పనికొస్తుంది, తువ్వాలు పనికిరాదు. థిన్నరు ఆవిరికి మాత్రం ఆ మాస్కూ అడ్డు కాదు. దానికి గాలే మందు. ఎనామిల్ వేసేటప్పుడు ఎదురెదురు కిటికీలు తీసి, ఫ్యాను బయటికి గాలి తోసేలా పెట్టాలి. టర్పెంటైన్, థిన్నరు ఆవిరి గాలి కన్నా బరువైనది. నేల మీద పాకుతూ పక్క గదిలో వెలిగే పొయ్యి దాకా, పూజ దగ్గరి దీపం దాకా వెళుతుంది. స్విచ్చు వేస్తే పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు దానికి. 2024 ఆగస్టు 21న ఇదే అచ్యుతాపురం సెజ్‌లో మందుల కర్మాగారంలో కారిన ద్రావణి ఆవిరై అంటుకుని 17 మంది పోయారు. ఆ కుటుంబాల దుఃఖం ఈ మండలానికి ఇంకా తాజాగానే ఉంది. ఇంట్లో లీటరు థిన్నరు అంత పని చేయకపోవచ్చు, కానీ దాని గుణం అదే. కాబట్టి రంగు వేసే రోజు గ్యాస్ సిలిండరు కట్టేయండి, దీపం, అగరబత్తి వాకిట్లో వెలిగించండి, పెయింటరు బీడీ ముట్టించబోతే నిర్మొహమాటంగా వద్దని చెప్పండి. టేకు తలుపులకు లిన్సీడు నూనె పాలిష్ పెట్టిన గుడ్డలను ఉండ చేసి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడివిడిగా పరచి ఆరబెట్టండి, లేదా నీటి బకెట్లో వేయండి.

కూల్‌డ్రింకు సీసాలో థిన్నరు పోసి ఉంచవద్దు. పిల్లవాడు తాగితే బలవంతంగా వాంతి చేయించకూడదు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే మరింత ముప్పు. వెంటనే 108కు ఫోన్ చేయండి, సీసా కూడా ఆసుపత్రికి పట్టుకెళ్లండి.

సున్నం, నీలిమందు

మన పెద్దలు వెల్ల వేసేటప్పుడు సున్నం తొట్టిలో చిటికెడు నీలిమందు వేసేవారు. ఇది ఎదురు రంగుల విద్యే. సున్నం ఆరాక మిగిలే పసుపు ఛాయను నీలం కొట్టేస్తుంది, గోడ మల్లెపూవులా తెల్లబడుతుంది. బట్టలకు నీలం పెట్టడంలోనూ ఇదే రహస్యం. పసుపుకు అసలు ఎదురు ఊదా అయినా, ఊదాకు దగ్గరున్న నీలమే ఆ పని చేస్తుంది. నా మటుకు నాకు, సముద్రం పక్క ఇళ్లకు ఇంతకు మించిన రంగు లేదు. సున్నపు గోడ గాలిని ఆడనిస్తుంది, తేమను పట్టి ఉంచదు.

కానీ సున్నం మంచి పనిమంతురాలే అయినా కోపిష్టి. రాతి సున్నం నీటిలో పడగానే కుతకుతలాడుతుంది. సున్నాన్ని నీటిలో కొంచెం కొంచెంగా వేయాలి. సున్నం మీద నీళ్లు కుమ్మరించకూడదు. ప్లాస్టిక్ బకెట్లో తడపకూడదు. పిల్లలు చూడ్డానికి చుట్టూ చేరతారు, వాళ్లను దూరంగా నిలబెట్టండి. పైకప్పుకు వెల్ల వేసేవాళ్లు కళ్లద్దాలు పెట్టుకోవాలి, ఇది నేను బతిమాలి చెప్పే మాట. సున్నపు చుక్క కంట్లో పడితే రుద్దకుండా, నిమ్మరసమో మరేదో పిండకుండా, మంచినీటి ధార కింద కనీసం ఇరవై నిమిషాలు కన్ను తెరిచి కడగాలి. తరువాత కంటి డాక్టరు దగ్గరికి. దూరమైనా విశాఖలోని ప్రభుత్వ కంటి ఆసుపత్రికి వెళ్లండి, రేపు చూద్దామనుకోవద్దు. సున్నంలో ఏ రంగు పడితే ఆ రంగు కలపకూడదు కూడా. నీలిమందులోని అల్ట్రామెరైన్ సున్నానికి నిలుస్తుంది, ప్రష్యన్ నీలం విరిగి గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఏటికొప్పాక నేర్పేది

అచ్యుతాపురానికి కొంచెం దూరంలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను చక్రానికి పట్టి తిప్పుతూ, రాపిడి వేడికి కరిగే లక్క రంగును దాని మీద పూస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగులు ఆ పనిని కమ్ముకున్న రోజుల్లో సి.వి. రాజు చెట్ల రంగులను తిరిగి తెచ్చారు. ఆయనకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు. జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలి మొక్క నుంచి నీలం, పసుపు కొమ్ము నుంచి పసుపు వస్తాయి. నీలం, నారింజ ఎదురు జంట ఒక మొక్కా ఒక గింజా నుంచి పుట్టడం నాకు ఎంతో ముచ్చట.

పసిబిడ్డ నోట్లో పెట్టుకునే గిలక్కాయలో ఎదురు రంగులు కావాలంటే ఇలాంటి చెట్ల రంగుల బొమ్మ అడిగి తీసుకోండి. రోడ్డు మీద మెరిసే ఎనామిల్ గిలక్కాయలను, ఎవరు చేశారో తెలియనివాటిని కొనకండి. కొన్న చెట్ల రంగుల బొమ్మలను ఎండలో, కిటికీ గట్టు మీద ఉంచవద్దు, పసుపు కొమ్ము రంగు ఎండకు త్వరగా వెలుస్తుంది. పెళ్లి పందిళ్లకు, ముగ్గులకు వాడే పొడి రంగుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త. ఎర్రసీసం కలిపిన సింధూరం పిల్లల చేతికి తగలనీయకూడదు.

నిచ్చెన, తీగ, ఎత్తు

రెండో అంతస్తు పిట్టగోడకు ఎదురు రంగు అంచు వేసేటప్పుడు మనిషి వంగి, ఒక చేత డబ్బా, ఒక చేత బ్రష్షు పట్టుకుంటాడు. అలా పడినవాళ్లు చాలామంది. డబ్బాను నిచ్చెనకు కొక్కెంతో తగిలించండి. నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు అడుగు చొప్పున గోడకు దూరంగా నిలవాలి. కింద ఒకరు పట్టుకోవాలి, ఆ ఒకరు ఫోను చూస్తూ ఉండకూడదు. వెదురు పరంజా కడితే తాళ్లు ఎండకు పిగిలాయేమో ప్రతి ఉదయం చూడండి.

మన వీధుల్లో కరెంటు తీగలు బాల్కనీలకు చేతికందేంత దగ్గరగా పోతాయి. అల్యూమినియం నిచ్చెన, పొడవాటి ఇనుప రోలరు కర్ర వాటి చుట్టుపక్కల వాడవద్దు. తప్పదంటే విద్యుత్ సంస్థకు చెప్పి ఆ కాసేపు సరఫరా ఆపించుకోవాలి, ఫిర్యాదులకు 1912 నంబరు ఉంది. తూర్పు తీరంలో అక్టోబరు, నవంబరు తుపాను నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఏం జరిగిందో ఇక్కడి వాళ్లెవరూ మరచిపోరు. ఆ నెలల్లో ఎత్తు పనులు పెట్టుకోకండి. తడి గోడ మీద వేసిన రంగు బుడగలు కట్టి, కింద బూజు పడుతుంది. బూజు ఉబ్బసం ఉన్న వాళ్ల ఊపిరికి శత్రువు.

రంగు వేసిన తరువాత

అద్దెకిచ్చేవాళ్లకు ఒక విన్నపం. పాత మనిషి ఖాళీ చేసిన సాయంత్రం రంగు వేసి, మర్నాడు పొద్దున్నే కొత్త కుటుంబాన్ని దింపకండి. ఎనామిల్ వేసిన గది కనీసం మూడు రోజులు కిటికీలు తెరిచి ఉంచాలి, వాసన ఉంటే ఇంకా ఎక్కువ. వాటాల్లో ఉండే వాళ్లు చాలామంది రాత్రి షిఫ్టు చేసి పగలు తలుపులు మూసి పడుకుంటారు. వాళ్లే ఆ ఆవిరిని ఎక్కువగా పీలుస్తారు.

మిగిలిన రంగులన్నీ ఒకే డబ్బాలో పోయవద్దు. ఎదురు రంగులు కలిస్తే బురద రంగే మిగులుతుంది, ఎనామిల్, ఎమల్షన్ కలిస్తే అదీ పనికిరాదు. అయితే మరీ ఎర్రగా కొట్టొచ్చినట్టున్న ఎమల్షన్‌లో దాని ఎదురు ఆకుపచ్చ ఎమల్షన్ నాలుగు చుక్కలు వేస్తే ఆ గాఢత తగ్గుతుంది. ముందు చిన్న గిన్నెలో చేసి చూడండి. బ్రష్షులు కడిగిన థిన్నరును గెడ్డలో, కాలువలో, బావి పక్క నేలలో పోయకూడదు. ఆ నీరు ఉప్పుటేళ్లలోకి, అక్కడి నుంచి చేపల్లోకి చేరుతుంది. మూత బిగించిన డబ్బాలో పెడితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేలిన థిన్నరు మళ్లీ బ్రష్షులకు పనికొస్తుంది. మిగిలిన మంచి పెయింటు డబ్బా మీద తేదీ, గది పేరు రాసి మూత బిగించి, పిల్లలకు అందని ఎత్తులో, వంటింటికి దూరంగా పెట్టండి. మూడేళ్లకు గ్రిల్లు పెచ్చులూడినప్పుడు ఏ కంపెనీ రంగు, ఏ ఛాయ వేశారో ఆ డబ్బా మీద చూసుకోవచ్చు.